చెట్టెక్కే మంచె

జింకల వేటకని, చెట్టెక్కే ఆ మంచెను ఎంచింది నిరుపమే. షాపులో భర్త విష్ణు తేలికైనది చూపిస్తే తల అడ్డంగా ఊపింది.

"ఇద్దరి బరువు ఆగేదే కావాలి."

"ఎక్కేది నేనొక్కణ్ణే కదే. ఏనుగునేమైనా తోడు పంపిస్తావా?"

అయినా తను చెప్పిందే కొనిపించింది.

హామిల్టన్ ఊరి అవతల స్నేహితుడి ఫామ్‌లో, చీకటి పడే వేళ, విష్ణు దాన్ని పైన్ చెట్టుకి బిగించాడు. ఓసారి సీటు, ఓసారి కాళ్ల కింది పలక పైకి జరుపుకుంటూ, కిర్రు కిర్రుమని ఎక్కి కొమ్మల్లో కలిసిపోయాడు. నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని నిరుపమ కిందే నిలబడింది.

కిర్రుమనడం ఆగింది. మంచె ఇసుమంతైనా ఊగలేదు. అందరూ తనని పిరికిదంటారు గానీ, ఇవాళ ఆ భయమే ఆయన్ని కాస్తోందని ఆమె గుండె గర్వంతో నిండింది.

"బెల్టు పెట్టుకున్నావా? ఎలా ఉంది?"

పైనుంచి విష్ణు గొంతు నెమ్మదిగా వచ్చింది.

"నువ్వే కరెక్టు నిరూ. మా ఇద్దరికీ సరిగ్గా సరిపోయింది."

నవ్వబోయి ఆగిపోయింది. ఆయన 'మన' అనలేదు, 'మా' అన్నాడు. అందులో తను లేదు. పాపేమో తన భుజం మీదే ఉంది.

పైన మంచె మళ్లీ కిర్రుమంది. ఇంకా పైకి వెళుతోంది.