కొత్త చైను, అరిగిన పళ్ళు

చైను జారడం ఆపించాలి. మామయ్య ఇంటికి పోయి కారు తాళాలు తెచ్చుకోవాలి. బూట్లు తుడిచిపెట్టమని దివ్యకు చెప్పాలి. ఏడింటికల్లా తిని పడుకోవాలి. ఆదివారం పొద్దున ఆరింటికి ఒంగోలులో జిల్లా సైకిల్ జట్టు సెలక్షన్.

ఫోనులో రాసుకున్న ఈ పనుల్లో మొదటిదాని దగ్గరే ఆగిపోయాడు ఉమేష్. శనివారం పదకొండు గంటల ఎండలో, మార్కాపురంలో జీవరత్నం సైకిల్ కొట్టు ముందు నిలబడి ఉన్నాడు.

"ఎత్తి ఆ కొక్కేలకు తగిలించు," అన్నాడు జీవరత్నం, పనిబల్ల వెనక నుంచి కదలకుండా.

"నేనే ఎత్తాలా?"

"సైకిల్ నీదే గదా."

ఉమేష్‌కు ఒళ్లు మండింది. "కొట్టుకు వచ్చినోణ్ణి చూసి లేచే మర్యాద కూడా లేదా నీకు? ఈ గది ఎవరిదో తెలుసా? మా చంద్రశేఖరరావు మామయ్యది. నేనొక్క మాట చెప్తే రేపటికి నీ సామాను రోడ్డు మీద ఉంటది."

"ఉంటే ఉంటది. ముందు తగిలించు."

పళ్ళు కొరుకుతూ తగిలించాడు. సన్న టైర్ల రేసు సైకిల్ అది. ఉమేష్‌కు గుంటూరులో ఉద్యోగం. శుక్రవారం రైలుకు ఇంటికి వచ్చి, ఆదివారం ఒక్కరోజే తొక్కుతాడు. మిగతా రోజులు గుడ్డ కప్పుకుని వరండాలో ఉంటుంది సైకిల్. దాన్ని సర్వీసుకు ఇచ్చి తెచ్చే పని భార్య శ్రీదివ్యది. కాబట్టి ఈ మనిషిని ఉమేష్ చూడటం ఇదే మొదలు.

"గట్టిగా తొక్కితే టక్కుమని జారుతుంది. పోయిన వారం కొత్త చైను నేనే వేసినా. ఇంకా ఎక్కువైంది."

"పాత చైను తెచ్చినావా?"

సంచిలోంచి తీసి బల్ల మీద పడేశాడు. జీవరత్నం దాన్ని సాగదీసి పరిచి, పక్కన ఇనప స్కేలు పెట్టాడు. "అడుగుకు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సాగింది. సాగిన చైను పళ్ళను కూడా తనకు తగ్గట్టే అరగదీస్తది. ఆ పళ్ళ మీద కొత్త చైను కూర్చోదు, ఎక్కి జారుతది. చూడు."

చెయ్యి చాపి వెనక గేరు చక్రాలను తిప్పాడు. నడిమి చక్రాల పళ్ళు కొడవలి మొనల్లా ఒక పక్కకు వంగి ఉన్నాయి.

"ముందు పెడళ్ల దగ్గరి పళ్ళ చక్రం కూడా పోయింది. అన్నీ మార్చాల్సిందే."

"ఎనిమిది నెలల సైకిల్! నేను రెండు వేల కిలోమీటర్లు కూడా తొక్కలేదు. ఎర్రోణ్ణనుకున్నావా?"

"నువ్వెంత తొక్కినావో నాకేం తెలుసు. ఈ పళ్ళు మాత్రం ఏడెనిమిది వేలు తిరిగినాయి." మసిగుడ్డతో పాత చైను తుడిచి చూపించాడు. గుడ్డకు బూడిద రంగు జిగట అంటింది. "ఏ రోడ్డున పోతావు?"

"ఒంగోలు రోడ్డు. ఇంకెక్కడికీ పోను."

"ఇది ఆ రోడ్డు దుమ్ము కాదు. పలకల ఫ్యాక్టరీల దారిలోది. ఈ పొడి నూనెలో కలిస్తే ఆకురాయి పెట్టి రాకినట్టే." మాట్లాడుతూనే, అలవాటు కొద్దీ సీటు కింది రాడ్డు మీద వేలు పెట్టాడు. "సీటు బిగించిన గీతలు రెండున్నాయి. కిందది నీది. పైది..."

ఆగిపోయాడు.

"పైది?"

"ఏం లేదు. పాత గీత."

ఉమేష్ వంగి చూశాడు. రెండు అంగుళాల పైన తాజాగా మెరుస్తోంది గీత.

"సీటు అంత కిందికి దించి, నాకన్నా పొట్టివాళ్లెవరో రోజూ తొక్కుతున్నారన్న మాట!" మొహం జేవురించింది. "వరండాలోంచి తియ్యాలంటే ఇంట్లో తెలియకుండా ఎట్ల కుదురుతుంది? దివ్య ఎవరికన్నా ఇస్తోందా? లేకపోతే తనేనా?" ఫోను తీశాడు. "అదే నిజమైతే ఈ పూటే గిద్దలూరు బస్సెక్కిస్తా. పుట్టింట్లోనే పడి ఉంటది. మళ్లీ నా గడప ఎక్కనియ్యను."

అవతల ఫోను మోగుతోంది.

"పెట్టెయ్ ఫోను," అన్నాడు జీవరత్నం. "నేనే తొక్కినా."

"ఏందీ?"

"సర్వీసు పేరు చెప్పి వారం వారం తెప్పించుకుని ఇక్కడే ఉంచుకున్నా. రోజూ తెల్లారుజామున పలకల ఫ్యాక్టరీల దాకా పోయి వచ్చేవాణ్ణి. నువ్వొచ్చే శుక్రవారానికి ఇంటికి చేర్పించేవాణ్ణి. మంచి సైకిల్. మనసు ఊరుకోలేదు."

ఉమేష్ ఫోను కట్ చేసి అతన్ని తేరిపార చూశాడు. బల్ల మీదికి తల, భుజాలు మాత్రమే కనిపిస్తున్నాయి. పొట్టివాడే. గీతకు సరిపోయాడు.

"దొంగముండాకొడకా! మళ్లీ చెప్పు."

"నేనే తొక్కినా."

"గట్టిగా చెప్పు. నలుగురూ వినాల."

"నేనే తొక్కినా!"

పక్క టీ బంకులో ఇద్దరు తలలు తిప్పి చూశారు. మళ్లీ గ్లాసుల్లోకి తలలు దించుకున్నారు.

ఉమేష్ అక్కడి నుంచే మామయ్యకు ఫోను చేశాడు. "మామా, సైకిల్ కొట్టు గది రేపటికల్లా ఖాళీ చేయించు. ఎందుకో తర్వాత చెప్తా. ముందు చేయించు."

జీవరత్నం తల ఎత్తలేదు. బల్ల కింది అరలోంచి కొత్త గేరు చక్రాలు తీశాడు. "గంటలో వేసిస్తా. రేపు జారదు."

"నీకు పైసా ఇయ్యను."

"వద్దులే. అరగ్గొట్టింది నేనే గదా."

గంట తర్వాత ఉమేష్ సీటు మీద నుంచి లేచి, బలమంతా పెట్టి తొక్కుకుంటూ ఇల్లు చేరాడు. ఒక్కసారి కూడా జారలేదు. శ్రీదివ్య వరండాలో కూర్చుని అతని బూట్లు తుడుస్తోంది.

"దొంగ దొరికినాడు," అన్నాడు. "నీ జీవరత్నమే. రోజూ తొక్కి తొక్కి పళ్ళన్నీ అరగ్గొట్టినాడు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "తొక్కినానని... ఆయనే చెప్పినాడా?"

"మూడుసార్లు చెప్పించినా. రేపటితో వాడి కొట్టు కూడా పాయె."

శ్రీదివ్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఉమేష్ అటు చూడకుండానే కారు తాళాల కోసం బయల్దేరాడు.

మీరు మాత్రం జీవరత్నాన్ని గుర్తుపెట్టుకోండి, పుట్టుకతోనే ఆయనకు రెండు కాళ్లూ లేవు.