మా వంతు ఆట

"మా వంతు ఆటని ఆపిన మగాడు ఈ భూమ్మీద ఇంతవరకూ పుట్టలేదు," అన్నాడు కాజ్.

పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటున్న పెద్దాయన సాసేజ్ నములుతూ తలూపాడు.

ఆయనెవరో ఎవరికీ తెలీదు. పాత ట్రక్ ఆపుకుని దిగాడు. ఈరీ ఊళ్ళో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ రోజు స్టేడియం బయట, కార్ల మధ్య ఎవరొచ్చి నిలబడ్డా ముందు చేతిలో తిండి పెడతారు. పేరు తర్వాత అడుగుతారు. ఒక్కోసారి అడగరు.

"ఆపడానికి ఎదురుగా ఎవరు నిలబడతారు?" అడిగాడు పెద్దాయన.

"ఎవరూ నిలబడరు."

"ఓహో."

"అవతలి జట్టు టొలీడో తరఫున నిలబడమంటే మా ఊళ్ళో కుక్క కూడా ఒప్పుకోదండీ," అన్నాడు కాజ్ స్నేహితుడు డెల్మార్. "అడిగి చూశాం. కరిచింది."

సరస్సు మీంచి మంచు దూదిలా దిగుతోంది. ఎంత దట్టంగా అంటే, డెల్మార్ పొద్దున్నించీ తన కారనుకుని పక్కవాళ్ళ కారు మీద మంచు ఊడుస్తున్నాడు. మాటలు కూడా మెత్తబడి, ఎక్కడో గోడవతల మాట్లాడుకుంటున్నట్టు వినిపిస్తున్నాయి.

"ఇంతకీ ఈ వంతేమిటి?"

కాజ్ చెప్పాడు. వాడు పుట్టకముందు టొలీడోతో ఫైనల్. ఆట సమమైంది. అదనపు ఆటకి నాణెం ఎగరేశారు. టొలీడో గెలిచింది, బంతి తీసుకుంది, ఒకే ఊపులో చివరి గీత దాటేసింది. అంతే, ముందు దాటినవాళ్ళదే గెలుపు, ఆట అయిపోయిందన్నారు. ఈరీ చేతికి బంతి రానేలేదు.

"ఇద్దర్ని భోజనానికి పిలిచి, ఒకడికి వడ్డించగానే పొయ్యి ఆర్పేసినట్టు," అన్నాడు కాజ్. "ఆ రెండోవాడు మా నాన్న లియో. బంతి చంకన పెట్టుకుని పరిగెత్తేది ఆయనే. హెల్మెట్ పెట్టుకుని పక్కన నిలబడే ఉండిపోయాడు."

"ఇప్పుడు రూలు మార్చారుగా. ఇద్దరికీ బంతి ఇస్తున్నారు."

"మార్చారు. నాన్న పోయాక."

పెద్దాయన నమలడం ఆపాడు.

"అందుకే మాకు రావలసిన వంతు మ్యాచ్‌కి ముందు ఇక్కడే ఆడేసుకుంటాం. పరిగెత్తేది నేను. ప్రతిసారీ దాటుతున్నా."

"మీ నాన్న ఎప్పుడూ పరిగెత్తలేదా ఇక్కడ?"

"లేదు. చూసి నవ్వేవాడు." కాజ్ పొయ్యిలోకి చూశాడు. "ఒక్కసారి మాత్రం అడిగాడు, ఆ రోజు బంతి వస్తే నిజంగా దాటేవాడినంటావా అని."

"నువ్వేమన్నావు?"

"దాటేవాడివే అన్నాను. కొడుకుని కదా, ఇంకేమంటాను."

"ఎదురుగా ఎవరూ లేకుండా దాటితే అది తెలీదు, అబ్బాయ్."

కాజ్‌కి చురుక్కుమంది.

"అయితే మీరు నిలబడండి."

పెద్దాయన పళ్ళెం కింద పెట్టాడు. కుంటుకుంటూ వెళ్ళి, మంచు మీద టొమాటో సాస్‌తో గీసిన గీత ముందు నిలబడ్డాడు.

"మోకాళ్ళు రెండూ ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టున్నాడు," గొణిగాడు డెల్మార్. "మెల్లిగా గుద్దరా."

కాజ్ బంతి చంకన పెట్టుకున్నాడు.

"పెద్దాయనా, మీ ట్రక్ లైట్లు వెలుగుతున్నాయి," అన్నాడు డెల్మార్.

"వెలగనీ."

కాజ్ పరిగెత్తాడు.

పొగా మంచూ కలిసి కార్లని మింగేశాయి. అరుపులు ఆగిపోయాయి. తన ఊపిరి కూడా తనది కానట్టు, ఎవరో తన ముందు పరిగెడుతుంటే వాళ్ళ వెనక వెళ్తున్నట్టు అనిపించింది. ఎడమకి వెళ్తున్నట్టు భుజం వంచి, కుడికి తిరిగాడు. తండ్రి అలాగే తిరిగేవాడట.

పెద్దాయన అప్పటికే కుడివైపున ఉన్నాడు.

నడుం పట్టుకుని, నిద్రపోయిన పిల్లాణ్ణి పక్క మీద వేసినట్టు మంచులో పడుకోబెట్టేశాడు.

బంతి గీతకి జానెడు ఇవతల ఆగింది.

ఇద్దరూ కాసేపు అలాగే పడున్నారు. మంచు ముఖాల మీద పడుతోంది. మొదట పెద్దాయన ముఖంలో ఏదో వెలిగింది. తర్వాత కాజ్ కళ్ళలోకి చూశాడు, అది ఆరిపోయింది.

కాజ్ చేతిని బంతితో సహా పట్టుకుని జానెడు ముందుకి జరిపాడు.

లేచి రెండు చేతులూ పైకెత్తాడు.

"దాటాడు," అని అరిచాడు. "నేను ఆపలేకపోయాను."

జనం కేకలకి కార్ల మీది మంచు రాలింది. కాజ్‌ని భుజాల మీదకి ఎత్తుకున్నారు. పెద్దాయన టోపీ తీసి దులుపుకుని, ట్రక్ వైపు కుంటుతూ వెళ్ళిపోయాడు.

"మ్యాచ్ చూడరా?" అడిగాడు డెల్మార్.

"చూడక్కర్లేదు బాబూ."

కాజ్ కిందికి దిగేసరికి వాండత్త ఎదురుగా ఉంది. లియోకి అక్క. ఇందాకటి నుంచీ మడతకుర్చీలో కంబళి కప్పుకుని కూర్చునుంది.

"చూశావా అత్తా? ఎదురుగా మనిషున్నా దాటాను."

"దాటావా?"

"ఊళ్ళో వాళ్ళంతా చూశారుగా."

"ఊళ్ళో వాళ్ళని అడగట్లేదురా. నీ నడుం పట్టుకున్న చేతులు వదల్లేదు. నేను చూశాను."

కాజ్ చేతి తొడుగు మీది మంచు గీరుకున్నాడు.

"లేదత్తా," అన్నాడు చివరికి. "ఆపేశాడు. నా చెయ్యి ఆయనే జరిపాడు. అబద్ధమాడాను."

వాండత్త రోడ్డు వైపు చూసింది. ట్రక్ వెళ్ళిన జాడ మంచులో అప్పుడే పూడిపోయింది.

"టోపీ తీసినప్పుడు పోల్చుకున్నాను," అంది. "ఆ రోజు నాణెం గెలిచిన టొలీడో కెప్టెన్‌రా అతను. మీ నాన్నని ఆపడం అతని పని. బంతి మనకి రాలేదు గనక, ఆ రోజు అతనూ హెల్మెట్ పెట్టుకుని అవతలి పక్కన నిలబడే ఉండిపోయాడు."