సంఘం గుర్తులో చేతులు

"గా పాస్టరు గీసిచ్చిన గుర్తు మీదున్న పానం నా మీద ఎన్నడన్న ఉన్నదా?" అంటూ పెద్దులు భార్య ఒళ్లోని గుడ్డను లాక్కున్నాడు.

మార్తమ్మ సూదిని పక్కకు తీసింది. "జర పైలం. ఆదివారం చర్చిల కట్టాలె."

"ఏం బొమ్మలివి?"

"సిలువంటే ప్రభువు. జొన్నకంకి అంటే ఆయనిచ్చిన బువ్వ. కింద రెండు చేతులు దాన్ని అందుకునేటోనియి."

అన్నిటికంటే ఆ చేతుల దగ్గరే దారం ఒత్తుగా, ముద్దుగా పడింది. పెద్దులు వాటి మీద వేలు పెట్టాడు.

"పాస్టరువేనా? నున్నగ ఉంటయి గద!"

"థూ! ఆయన సక్కటి చేతులే గీసిండు. నేనే విప్పి మళ్ల కుట్టిన."

పెద్దులు గుడ్డను వెలుతురుకు పట్టాడు. మర్రిగూడ బోరులోని ఫ్లోరైడు నీళ్లు తాగి తన మోచేతులు వంగిపోయినట్టే, బొమ్మలోవీ పూర్తిగా చాపడం రాక వంగి ఉన్నాయి.

"పాస్టరు ఒప్పుకున్నడా?" గొంతు తగ్గింది.

"వంకరున్నయి, సక్కజెయ్యమన్నడు. దేవుని ముంగట మా ఇంటాయన గిట్లనే చాపుతడు, గివ్వే ఉంటయన్న."

"ఆయన మొకం మీదనే అన్నవా?"

"అన్న."

"ఏమన్నవు? ఇంకోపారి చెప్పు," అని పెద్దులు అడిగాడు.