ముందువాడి కేక

సైకిళ్ల మీద వెళ్లేటప్పుడు ముందున్నవాడు దారి చూసి కేకెయ్యాలి, వెనకున్నవాడు కళ్లు మూసుకుని నమ్మాలి. ఆ పద్ధతి నాకు నేర్పింది బావే. కొండెక్కినంతసేపూ "గుంత!", "కంకర!" అని గొంతు చించుకున్నాడు.

పైన, కూలిన కోట గోడ దగ్గర ఆగాం. నీళ్లు తాగి, గుండె దిటవు చేసుకుని చెప్పేశాను.

"అక్కని ఇంక మీ ఇంటికి పంపను బావా. తన చేతుల మీద వాతలు చూశాను."

బావ నవ్వాడు. "సర్లే, పద. నా వెనకే రా."

దిగడం మొదలెట్టాక బావ ఒక్క కేకా వెయ్యలేదు. మొదటి మలుపులో కంకర. తను తప్పించుకుపోయాడు, నేను పడబోయి నిలదొక్కుకున్నాను. బావ వెనక్కి తిరిగి చూశాడు.

రెండో మలుపు అంచుకు గోడ లేదు. కింద సరస్సు.

అప్పుడు లేచింది బావ గొంతు, ఎప్పటిలాగే ప్రేమగా.

"ముందంతా బాగుందిరా! బ్రేకు వదిలెయ్!"