తొమ్మిదో కుండీ

రెజిమెంటల్ బజార్‌లోని ఆ మూడంతస్తుల ఇంటికి లిఫ్టు లేదు. హరికిషన్‌కి మోకాళ్లున్నాయి గానీ, అవి పేరుకే.

ఆదివారం పొద్దున్నే ఉప్పునీళ్ల బకెట్‌తో రొప్పుతూ డాబా ఎక్కాడు. పక్క డాబా మీద ఖాసింబీ బట్టలారేస్తోంది.

"భార్య కోసం ఇంత తక్లీఫా భయ్యా? మా ఆయనైతే గ్లాసు సుత ఎత్తడు."

"ఏం చేస్త అక్కా! పీహెచ్‌డీ ఆమెది, నడుము నాది."

ఉప్పునేలలో ఏ వరి బతుకుతుందో తేల్చడం రజిత పని. పన్నెండు కుండీల్లో పన్నెండు రకాల వరి. ఆరుకల్లా ఆమె యూనివర్సిటీ బస్సెక్కాలి. అందుకని ఉప్పు తూచి పొట్లాలు కట్టి పెడుతుంది. రోజుకో పొట్లం బకెట్లో కలిపి పోయడం మొగుడి డ్యూటీ.

నాలుగు నెలల్లో మూడుసార్లు నాటింది. మూడుసార్లూ పది రోజులకే అన్నీ మాడిపోయాయి.

"ఇంత కొంచెం ఉప్పుకే ఎట్ల చస్తున్నయ్? నేనే లెక్క తప్పుతున్ననా?" అంటూ అన్నం మానేసి కూర్చునేది.

"ఎండలు గట్లున్నయ్ మరి. జెర తిను," అని హరికిషనే కంచం తెచ్చిచ్చేవాడు.

ఇది ఆఖరుసారి. ఒక్క రకం బతికినా సముద్రం పక్క పరిశోధన పొలంలో మూడేళ్ల ఉద్యోగం. లేదంటే ఇంటిపట్టునే.

ఈసారి పదకొండు పోయాయి. తొమ్మిదో కుండీ మాత్రం నలభై రోజులుగా పచ్చగా నిలబడింది.

వెనకాలే పైకొచ్చిన రజిత అందులోంచి ఒక మొక్క పీకి, వేళ్లు కడిగి చూపించింది.

"చూడండి, ఉప్పు ఎక్కువున్న దిక్కు నుంచి వేరు పక్కకి తిరిగింది. ఉప్పు దూరకుండ పైతోలు మందం చేసుకుంది. అయినా దూరిందాన్ని కింది పాతాకుల్లోకి నెట్టి, కొత్తాకుని కాపాడుకుంటది."

"మరి పాతాకు?"

"ఎండిపోతది, పాపం."

"అంటే మొగుడన్నమాట."

ఇన్ని నెలల తర్వాత రజిత నవ్వింది. అంతలో ఆమె గైడు ఫోన్. ఉద్యోగం ఖాయం, సోమవారమే బయల్దేరాలి.

"మూడేండ్లు ఒక్కరే ఎట్లుంటరు?"

"నా గురించి పరేషాన్ గాకు. పో," అన్నాడు.

"మీలాంటి మొగుడు ఎవరికుంటడు?" అని కళ్లు తుడుచుకుంటూ సూట్‌కేసు దింపడానికి కిందికి పరిగెత్తింది.

హరికిషన్ ఖాళీ బకెట్ బోర్లించి దాని మీద కూలబడ్డాడు.

ఆమె పొట్లానికి తోడు, మొదటి రోజు నుంచీ తను వంటింట్లోంచి తెచ్చి కలుపుతున్న రెండు గుప్పెళ్ల ఉప్పు ఈ ఒక్క కుండీని మాత్రం ఏమీ చేయలేకపోయింది.