రేగడిదిన్నె ఊరేగింపు

"మల్ల గదే మాట సారూ. లోపలికి మింగుతది, జరసేపు గిర్రున తిప్పుతది, డిస్కు లేదంటది" అంటూ మాసయ్య సీడీని కౌంటర్ మీద పెట్టాడు.

భాస్కర్‌కు గద్వాల బస్టాండు వెనక వీడియో షాపు ఉంది. పాత పెండ్లి క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి సీడీలుగా రైట్ చేయడం ఈ మధ్యనే నేర్చాడు. తన కంప్యూటర్‌లో బుద్ధిగా ఆడే సీడీలు జనం ఇళ్ళలోని ప్లేయర్లకు ఎందుకు సయించవో అతనికి ఇంకా అంతుపట్టలేదు.

"స్పీడుగ రైట్ చేసిన. గదే తప్పయినట్టుంది. ఈసారి మెల్లగ చేస్త. రెండు దినాలు ఆగు."

"నేనైతే ఆగుత సారూ, మా అమ్మ ఆగదు. తెల్లారితె చాలు, ఇంటికి పోతనని ఏటి దిక్కు నడుస్తది. నిన్న మోకాళ్ళ దాంక నీళ్ళల్ల దిగింది. గొర్లు కాసేటాయన చూసి గుంజుకొచ్చిండు."

ఏసమ్మ వెళ్తానంటున్న ఇల్లు ఆ నీళ్ళ అడుగునే ఉంది. డ్యాం కట్టినప్పుడు రేగడిదిన్నె మొత్తం మునిగిపోయింది. అక్కడి వాళ్ళంతా గద్వాల పక్కన కాలనీకి వచ్చి పదేళ్ళు దాటింది. ఈ మధ్య ఏసమ్మకు మతి తప్పింది. ఊళ్ళో ఎవరి గొడ్డు ఏ రంగుదో కూడా చెబుతుంది కానీ, ఊరు మునిగిన సంగతి మాత్రం ఎంత చెప్పినా నమ్మదు.

ఆ ఊళ్ళోకి వీడియో కెమెరా వచ్చింది ఒకే ఒక్కసారి, పటేలు బిడ్డ రాధమ్మ పెండ్లికి. మాసయ్య ఆమెను బతిమాలి ఆ క్యాసెట్టు తెచ్చాడు. ఒక్కసారి ఊరు కళ్ళారా చూస్తే తల్లి ఏటి దారి మరిచిపోతుందని అతని ఆశ.

"ఊరేగింపు చానసేపు ఉంది. ఊరంత తిరిగినట్టున్రు. మీ ఇల్లు గూడ పడే ఉంటది" అన్నాడు భాస్కర్.

"ఊరు కనబడితె చాలు సారూ."

మర్నాడు మధ్యాహ్నం భాస్కర్ కొత్త సీడీ పట్టుకుని తానే స్కూటర్ మీద కాలనీకి వెళ్ళాడు. మూడోసారి కూడా పరువు పోతుందేమోనని అతని భయం. కాలనీ జనమంతా సీడు పత్తి చేన్లకు పోయారు. ఇంట్లో మాసయ్య, అతని భార్య స్వరూప, గోడకు ఆనుకుని ఏసమ్మ, ముందు కిరాయికి తెచ్చిన టీవీ, ప్లేయరు. స్వరూపది వనపర్తి దిక్కు. ఊరు మునిగాక ఈ ఇంటికి కోడలై వచ్చింది.

ప్లేయరు సీడీని మింగింది. గిర్రున తిరిగింది. తెర నల్లగా అయింది, తర్వాత నీలంగా అయింది, ఆ వెంటనే సన్నాయి మోగింది.

"ఆడింది!" అని స్వరూప చప్పట్లు కొట్టింది.

క్యాసెట్టుకు బూజు పట్టడంతో బొమ్మ నిండా గీతలే. ఆ గీతల వెనక నెత్తిన ట్యూబులైట్లు మోస్తున్న మనుషులు, మెల్లగా కదిలే జీపు, జీపులో దండల మధ్య రాధమ్మ. వెలుగు పడినంత మేర రాతిగోడలు, అరుగులు, తలుపులు. ఇన్నేళ్ళుగా నీళ్ళ కింద ఉన్న ఊరు ఆ చిన్న గదిలోకి నడిచి వస్తోంది.

ఏసమ్మ గోడను వదిలి ముందుకు జరిగింది.

"మాసయ్యా, మన ఇల్లు రా!"

"యాడ అత్తా?" అని స్వరూప తెర దగ్గరికి వంగింది.

"గదిగో వాకిలి కడప. మీ మామ పరిచిన బండ. అరుగు మీద పక్కింటి ఈదమ్మ కూసుంది, చూడు. ఆగిన్రు. మన వాకిట్లనే ఆగిన్రే!"

భాస్కర్ గబుక్కున రిమోట్ నొక్కాడు. జీపు నిలిచిపోయింది. ఏసమ్మ తెర మీద అరచెయ్యి ఆనించింది. మసకబారిన ఆమె ముఖంలోకి ఎక్కడి నుంచి వచ్చిందో ఒక కాంతి వచ్చింది.

"రాధమ్మ నన్నే చూస్తుంది. రమ్మంటుంది. స్వరూపా, చెంబుల నీళ్ళు తే బిడ్డా, జీపు ముందర పొయ్యాలె. అందరు పోసిన్రు, మన ఇంటోళ్ళమే పొయ్యలే."

స్వరూప పరుగున వెళ్ళి తెచ్చిచ్చింది. ఏసమ్మ కొంగు సర్దుకుని, తల వంచి, టీవీ ముందు చెంబెడు నీళ్ళు పోసింది. ఏ గుళ్ళోనూ చర్చిలోనూ భాస్కర్ అంత భక్తి చూడలేదు. అతను తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

"ఏమయ్యా, తల వంచుకుంటివి? మన ఇల్లు చూడవా?" అంది స్వరూప, కళ్ళు తుడుచుకుంటూ.

"చూస్తున్న" అన్నాడు మాసయ్య. అతను తల్లినే చూస్తున్నాడు.

ఏసమ్మ నీళ్ళ పక్కనే చతికిలబడింది. "ఇంటికొస్తిమి. ఇగ యాడికి పోను? ఆకలైతుంది, బువ్వ పెట్టు బిడ్డా."

మాసయ్య భాస్కర్‌ను స్కూటర్ దాకా సాగనంపాడు.

"ఇన్నేండ్ల నా పనిల గిట్లాంటిది చూడలే మాసయ్యా. ఏం అదృష్టం! గంత ఊర్ల, సరిగ్గ మీ వాకిట్లనే ఆగింది ఊరేగింపు."

మాసయ్య ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. లోపలికి వినపడకుండా మెల్లగా అన్నాడు.

"ఊరవతల మా వాడకు ఊరేగింపు ఎన్నడు రాలే సారూ."