నిచ్చెన పట్టే దర్వాజ

"ఇటుకలతోని కడితే ఎన్నొద్దులు పడతది బాపూ?" అనిల అడిగింది.

"నెల," అన్నాడు హనుమాండ్లు.

"రేకులది కొంటే?"

"రెండొద్దులు."

"అయినా నువ్వు కొనుడేంది? ఊరందరి ఇండ్లు కట్టిన సుతారివి. నీ తోటల షెడ్డు నువ్వే కట్టుకుంటవు గని!"

హనుమాండ్లు చేతిలో చాయ్ చల్లబడింది. అలాగే తాగేశాడు.

ఇదంతా నిన్న పొద్దున మొదలైంది. ఇంటి ఓనరు దేవవ్వ వచ్చి, వరండాలో ఆయనతో ఏదో మాట్లాడింది. అనిల కుట్టు మిషన్ ఆపి బయటికి వచ్చేసరికి ఆమె గేటు దగ్గరికి వెళ్లిపోయింది.

"జల్ది చూస్కో అన్నా. లేకుంటే ఇల్లు ఖాళీ చెయ్యాలె," అని వెనక్కి తిరక్కుండానే అన్నది.

అనిల వరండా మూలకు చూసింది. గడ్డపార, పారలు, మందు కొట్టే పంపు, విత్తనాల సంచులు. అన్నీ బాపువే.

"గీ సామాన్లకే గింత లొల్లా?"

"ఆమె ఇల్లు. ఆమె ఇష్టం," అన్నాడు హనుమాండ్లు.

కామారెడ్డిలో ఈ గల్లీ దొరికేదాకా అనిల, ఆటో నడిపే ఆమె మొగుడు భీమేష్ రెండు ఇండ్లు మారారు. మారిన ప్రతిసారీ కుట్టుపని పోయింది. ఇప్పుడిప్పుడే ఆడవాళ్లు అడ్రసు అడుక్కుంటూ జాకెట్లు తెస్తున్నారు. ఈ ఇల్లు కూడా పోతే మళ్లీ మొదటికే.

ఆ సంగతి హనుమాండ్లుకు తెలుసు. అందుకే ఎల్లారెడ్డి బస్సెక్కాడు.

సొంతిల్లు ఎప్పుడో అమ్ముడుపోయింది. మిగిలింది ఎల్లారెడ్డి శివారులో ఈ కూరగాయల జాగా ఒక్కటే. మేకులు పాతాడు. దారం లాగాడు. ముగ్గుతో పునాది గీత పోశాడు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. వేరెవరి చెయ్యినో చూస్తున్నట్టు చూశాడు.

పక్క చేను ఎంకయ్య గట్టు మీద కూచున్నాడు. "సుతారి సొంతానికి కడుతుండు. ఇగ ఎల్లారెడ్డిల చార్మినారే!"

హనుమాండ్లు గీత వంక చాలాసేపు చూశాడు. తర్వాత దారం చుట్టడం మొదలుపెట్టాడు.

"ఏమైందే?"

"కొంటున్న."

"ఏందీ, సుతారోడు రేకు డబ్బా కొంటడా? మంది నవ్వుతరు రా!"

"నవ్వనియ్."

కామారెడ్డి రోడ్డు మీద సాయికిరణ్ దుకాణం. రెడీమేడ్ షెడ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. హనుమాండ్లు రంగు చూడలేదు. రేకు మందం అడగలేదు. చిన్న షెడ్డులోకి వెళ్లి, తువ్వాల పరిచి, నేల మీద వెల్లకిలా పడుకున్నాడు.

"ఏంది తాతా, అప్పుడే గృహప్రవేశమా?" నవ్వాడు సాయికిరణ్.

"పొడుగు సాలుతది," అంటూ లేచాడు హనుమాండ్లు. "దర్వాజే సాలదు."

"పారలకు, తట్టలకు గింత దర్వాజ మస్తు గద!"

"నిచ్చెన పట్టాలె."

"నిలువుగ వట్టుకోని దూరితే ఏ నిచ్చెనైనా పడతది తాతా."

"నిలువుగ కాదు. పండవెట్టి తీస్కపోవాలె. ముంగట ఇద్దరు, ఎన్క ఇద్దరు."

"నిచ్చెనకు నలుగురా? అదేమన్న సర్కారు నిచ్చెననా?"

పనివాళ్లు పకపకా నవ్వారు. హనుమాండ్లు నవ్వలేదు. గోడకు ఆనించిన వెదురు నిచ్చెన చూపించాడు. సరదాగా ఉందని నలుగురూ భుజాల మీదికి ఎత్తుకున్నారు. మొదటి షెడ్డులో దూరలేకపోయారు. రెండోదాంట్లో మోచేతులు గీరుకున్నాయి. చివరి షెడ్డుకు రెండు రెక్కల తలుపు ఉంది. అందులోంచి ఎవరికీ ఏమీ తగలకుండా బయటికి వచ్చారు.

"గిదియ్యి," అన్నాడు హనుమాండ్లు.

రెండో రోజు సాయంత్రానికి షెడ్డు ఎల్లారెడ్డి తోటలో నిలబడింది. ముగ్గు గీత ఇంకా చెరగలేదు.

అనిల, భీమేష్ ఆటోలో సామాన్లు తెచ్చారు. అనిల పారలు ఒక మూలకు చేర్చింది, సంచులు పేర్చింది. నడుమ జాగాలో పెట్టబోతే హనుమాండ్లు వద్దన్నాడు. అక్కడ చాప పరిచి ఉంది.

"గిది దేనికి బాపూ?"

"కొన్నొద్దులు ఈడనే ఉంట. తోట సూస్కుంట."

"ఒక్కనివి ఏముంటవ్? బువ్వెవలు వెడతరు?"

"ఎంకయ్య ఉన్నడు గద. నువ్వు దేవవ్వకు ఫోన్ చెయ్యి. బాపు తోటకాడనే ఉంటుండని చెప్పు."

అనిల ఫోన్ చేసింది. మాట పూర్తి కాకముందే అటువైపు దేవవ్వ భోరుమంది. "మీ బాపు దేవుడు బిడ్డా. ఇగ నీ ఇష్టమున్నన్నొద్దులు ఉండు," అని పెట్టేసింది.

అనిల ఫోన్ వంక వింతగా చూసింది. "నాలుగు పారలు తీసేస్తె గింతగనం ఏడుస్తదా బాపూ?"

హనుమాండ్లు రెండు రెక్కలూ బార్లా తెరిచి, తలుపు ఎంత దూరం పోతుందో చూసి, వచ్చి చాప మీద పడుకున్నాడు.

ఆ రోజు పొద్దున వరండాలో దేవవ్వ తలెత్తకుండా ఆయనతో అన్నది ఒక్కటే మాట: "అన్నా, నువ్వు నెల గూడ ఉండవని దవాఖానల జేసే మా కోడలు జెప్పింది, నీ పానం మాత్రం నా ఇంట్ల పోవద్దు."